మన్యం అడవులు: ‘వ్యక్తి’ అనే మాట చరిత్ర

విశాఖ మన్యంలోని అనంతగిరి మండలానికి సంబంధించిన ఒక వ్యాజ్యంలో 1997 జూలై 11న భారత సర్వోన్నత న్యాయస్థానం తీర్పు వెలువరించింది. ‘సమత తీర్పు’ అన్న పేరుతో అది దేశమంతటా ప్రసిద్ధి పొందింది. బొర్రా అటవీ ప్రాంతం, దాని చుట్టుపక్కల 14 గ్రామాలు, ఖనిజ నిక్షేపాలు, ప్రైవేటు సంస్థల కౌళ్లు, కొండవాసుల బతుకుతెరువు – ఇన్ని విషయాలు పెనవేసుకున్న ఆ వివాదం చివరకు ఒక్క మాట దగ్గరికి వచ్చి ఆగింది. ఏజెన్సీ ప్రాంతంలోని స్థిరాస్తిని ఏ ‘వ్యక్తి’ అయినా గిరిజనేతరునికి బదిలీ చేస్తే ఆ బదిలీ చెల్లదని ఆంధ్రప్రదేశ్ నిబంధన నిర్దేశిస్తున్నది. అయితే ఆ ‘వ్యక్తి’ అన్న మాటలో ప్రభుత్వం కూడా చేరుతుందా? చేరదంటే, మన్యంలోని అడవినీ బంజరునూ సర్కారు తన ఇష్టం వచ్చిన సంస్థకు గనుల కోసం ఇవ్వవచ్చు. చేరుతుందంటే, ఒక సామాన్య రైతుకు లేని అధికారం సర్కారుకూ లేదన్నమాట.

ప్రశ్న న్యాయశాస్త్రానిదిగా కనబడుతుంది గాని, దాని వేళ్లు చరిత్రలో ఉన్నాయి. అడవికి సర్కారు యజమాని ఎప్పుడు అయింది, ఎట్లా అయింది అన్నది తెలియకుండా ఈ ఒక్క మాట బరువు తెలియదు.

ఈస్టిండియా కంపెనీకి తొలి దశలో అడవి మీద చెప్పుకోదగిన శ్రద్ధ లేదు. అడవి నరికి సాగు చేస్తే శిస్తు వస్తుంది; కనుక అడవి తగ్గడమే అభివృద్ధిగా లెక్క. ఓడలకు టేకు కావలసి వచ్చి, 1806లో కెప్టెన్ వాట్సన్ అనే అధికారిని మలబారులో అటవీ సంరక్షకుడుగా నియమించారు. ప్రజలు అనుభవిస్తున్న చెట్లను సైతం కంపెనీ సొత్తుగా పరిగణించడంతో ఫిర్యాదులు పెరిగిపోయి, మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1823లో ఆ పదవినే తొలగించాడు. రాయలసీమ పల్లెల్లో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకునే అలవాటు ఎందువల్ల వచ్చిందో ఇటువంటి నిర్ణయాల వల్ల కూడా కొంత తెలుస్తుంది.

పరిస్థితిని మార్చినది రైలు. 1856లో మద్రాసు నుంచి ఆర్కాటు దిక్కుగా తొలి మార్గం తెరుచుకున్నది. అదే సంవత్సరం హ్యూ క్లెగ్‌హార్న్ మద్రాసు రాజధానికి అటవీ సంరక్షకుడయ్యాడు. ఇది కాకతాళీయం కాదు. పట్టాల కింద పరిచే దుంగలకు, బొగ్గు దొరకని చోట ఇంజన్లకు వంటచెరకుగా, కలప లెక్కకు మిక్కిలిగా కావలసి వచ్చింది. 1864లో డీట్రిచ్ బ్రాండిస్ దేశం మొత్తానికి తొలి అటవీ ఇన్‌స్పెక్టర్ జనరల్ అయ్యాడు. 1865లో ఒక చట్టం, దాని లోపాలు దిద్దుతూ 1878లో మరొకటి వచ్చాయి. సంరక్షణ అనే మాట మన పాలనా పరిభాషలోకి ప్రవేశించిన సందర్భం ఇదే. అడవిని దేనినుంచి సంరక్షించాలన్న ప్రశ్నకు నాటి దస్త్రాలలో సమాధానం స్పష్టంగానే ఉంది: పోడు కొట్టేవారి నుంచి, పశువులు మేపేవారి నుంచి, కట్టెలు ఏరుకునేవారి నుంచి. కలప నరికే గుత్తేదారు ఆ జాబితాలో లేడు.

ఇక్కడొక విచిత్రమైన సంగతి ఉంది. అడవులన్నీ సర్కారువే అన్న వాదాన్ని మొట్టమొదట గట్టిగా ఎదిరించినవారిలో సర్కారు అధికారులే ఉన్నారు. అటవీ చట్టపు ముసాయిదా ఒకటి అభిప్రాయం కోసం వచ్చినప్పుడు మద్రాసు రెవెన్యూ బోర్డు 1871లో ఇచ్చిన సమాధానం గమనార్హం. ఈ రాజధానిలో ఏదో ఒక గ్రామపు ఎల్లల్లో లేని అడవి దాదాపు లేదని, టేకు, చందనం వంటి కొన్నిటిపై రాచహక్కు వసూలు చేయడం తప్పితే ప్రభుత్వం అడవిపై యాజమాన్యం ప్రకటించుకున్న దాఖలా తమకు కనబడలేదని బోర్డు చెప్పింది. దయాగుణంతో రాసిన మాటలు కావవి. గ్రామ లెక్కలు చూసి చూసి, కరణాల దస్త్రాలు తిరగేసి, ఎవరి అనుభవం ఎక్కడిదాకా ఉన్నదో ఎరిగినవారు రాసిన నివేదిక అది. 1878 చట్టాన్ని సైతం మద్రాసు వెంటనే అంగీకరించలేదు. బ్రాండిస్ స్వయంగా వచ్చి పర్యటించి సంప్రదింపులు జరిపిన తరువాత గాని 1882లో మద్రాసు అటవీ చట్టం రాలేదు. ఆ తరువాత బోర్డు వాదం దస్త్రాల్లో మిగిలిపోయింది. అడవి రిజర్వు అయింది.

రిజర్వు అయ్యే పద్ధతిని కొంచెం చూడాలి. ఒక ప్రాంతాన్ని రిజర్వు చేయదలచినట్టు ప్రభుత్వం ప్రకటిస్తుంది. సెటిల్‌మెంటు అధికారి ఎదుట నిర్ణీత గడువులోగా హక్కుదారులు తమ హక్కులు చెప్పుకోవాలి. చెప్పుకోనివారి హక్కులు అంతటితో అంతరిస్తాయి. కాగితం మీద ఇందులో అన్యాయమేమీ కనబడదు. కాని ప్రకటన చదవడం రానివారు, గడువు ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిసిందో తెలియనివారు, తమ తాతలు ఏ కొండవాలు మీద పోడు కొట్టారో చెప్పగలరు గాని దానికి రుజువు చూపలేనివారు – వీరి మౌనాన్ని చట్టం సమ్మతిగా స్వీకరించింది. ప్రజల ఉమ్మడి సొత్తు ప్రభుత్వపు ఆస్తిగా మారిన క్షణం అది. ఆ మార్పు యుద్ధంతో జరగలేదు, కొనుగోలుతో జరగలేదు, గడువు దాటడంతో జరిగింది.

యుద్ధం ఆ తరువాత వచ్చింది. నిజానికి అంతకు ముందూ వచ్చింది. 1879 మార్చిలో చెలరేగిన రంప పితూరీకి తక్షణ కారణం కల్లు. మన్సబుదారు దౌర్జన్యం, షావుకార్లు కోర్టుల ద్వారా తెచ్చుకున్న డిక్రీలు, పోలీసుల పీడన – వీటన్నిటి మీద, సొంత వాడకానికి చెట్టు గీసుకునే హక్కును కూడా గుత్తకివ్వడం నిప్పు రాజేసింది. ద్వారబంధాల చంద్రయ్య, అమ్మల్‌రెడ్డి, తమ్మన్నదొరల పేర్లు ఆ పితూరీతోనే మనకు మిగిలాయి. నలభై మూడేళ్ల తరువాత గూడెం కొండల్లో మళ్లీ మంట లేచింది. ఈసారి కారణాల్లో పోడుపై ఆంక్షలు, నర్సీపట్నం – చింతపల్లి రోడ్డు పనిలో ఉపతహసీల్దారు బాస్టియన్ చేయించిన వెట్టి ముందు నిలుస్తాయి. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో వరుసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై అల్లూరి సీతారామరాజు దాడులు జరిపాడు. 1924 మే 7న కొయ్యూరులో ఆయన కాల్చివేతతో ఆ పోరాటం ప్రధాన ఘట్టం ముగిసింది. సీతారామరాజును స్వాతంత్ర్య వీరుడుగా స్మరించేటప్పుడు ఆయన వెంట నడిచినవారు ముందుగా అడిగినది అడవిలో తమ పాత హక్కులని మనం మరచిపోతూ ఉంటాం.

అలజడులు పాలకులకు ఒక పాఠం నేర్పాయని చెప్పాలి. మన్యాన్ని మైదానంతో కలిపి పాలించడం కుదరదని తెలిసి, గంజాం, విశాఖపట్టణం ఏజెన్సీలను సాధారణ చట్టాల పరిధి నుంచి 1839లోనే తప్పించారు. వడ్డీ వ్యాపారుల చేతికి కొండవారి భూములు పోకుండా 1917లో ఏజెన్సీ భూబదిలీ చట్టం చేశారు. గిరిజనుడు గిరిజనేతరునికి భూమి ఇవ్వాలంటే అధికారి అనుమతి ఉండాలన్నారు. ఇట్లా ఒకే సర్కారు రెండు చేతులతో రెండు పనులు చేసింది. ఒక చేయి అటవీ చట్టంతో కొండవారి అడవిని తీసుకున్నది. రెండవ చేయి భూబదిలీ చట్టంతో వారి పొలాన్ని కాపాడింది. ఈ రెండు చేతులూ 1997 వరకు ఒకదానికొకటి ఎదురుపడలేదు.

స్వాతంత్ర్యానంతరం రాజ్యాంగపు అయిదవ షెడ్యూలు ఈ రక్షణను స్థిరపరచింది. షెడ్యూల్డు ప్రాంతాల శాంతికీ సుపరిపాలనకూ నిబంధనలు చేసే అధికారం గవర్నరుకు దక్కింది. ఆ అధికారంతో వచ్చినదే ఆంధ్రప్రదేశ్‌లో 1959 నాటి మొదటి నిబంధన. 1917 చట్టంలాగే ఇదీ గిరిజనుని చేతిలోని భూమి జారిపోకుండా చూసింది. అప్పటికే జారిపోయిన భూమి గిరిజనేతరుల మధ్య చేతులు మారుతూనే ఉంది. ఆ కన్నాన్ని పూడ్చడానికి 1970లో ఒక సవరణ తెచ్చారు. మన్యంలో నేటికీ చదువు లేనివారు సైతం ‘వన్ ఆఫ్ సెవెంటీ’ అని పలికే చట్టం ఇదే. గిరిజనుడైనా కాకపోయినా ఏ ‘వ్యక్తి’ చేసిన బదిలీ అయినా సరే, అది గిరిజనునికో, గిరిజనులు మాత్రమే సభ్యులుగా ఉన్న సహకార సంఘానికో జరిగితే తప్ప చెల్లదని సవరణ తీర్మానించింది. ముసాయిదా రాసినవారి మనసులో ఉన్నది బహుశా వడ్డీ వ్యాపారీ, మైదానం నుంచి వచ్చిన ఆసామీ. తాము రాసిన మాటలో ప్రభుత్వం కూడా ఇరుక్కుంటుందని వారు ఊహించి ఉండరు.

అదే కాలంలో మరొకటి జరిగింది. 1969లో ముఠాదారీ విధానాన్ని రద్దు చేసి రైత్వారీగా మార్చారు. పట్టా పొందినవాడు రైతు. పట్టా లేనివాడు సాగుచేస్తున్న నేల ప్రభుత్వ భూమి, వాడు ఆక్రమణదారు. సర్వే బృందాలు పోని ఊళ్లలో, పోయినా కొండవాలు పోడును లెక్కలోకి తీసుకోని ఊళ్లలో, తరతరాల సేద్యం ఉన్న నేల దస్త్రాల్లో బంజరుగానో అడవిగానో నమోదయింది. 1882లో గడువు దాటి పోయినదే ఇక్కడ పట్టా అందక పోయింది.

అనంతగిరి కొండల్లోకి బాహ్యప్రపంచం ఖనిజం కోసమే వచ్చిందని చెప్పినా తప్పు లేదు. కొత్తవలస – కిరండూల్ రైలు మార్గంలో సొరంగాలు దాటుతూ అరకు అందాలు చూసే యాత్రికులకు ఆ దారి బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు, అక్కడి నుంచి జపానుకు చేర్చడానికి 1960ల్లో వేసినదని తెలియకపోవచ్చు. ఆ కొండల ప్రధాన శిలకు భూగర్భ శాస్త్రవేత్తలు ‘ఖొండలైట్’ అని పేరు పెట్టారు. ఖోండుల పేరు మీద పెట్టిన పేరది. రాతికి వారి పేరు దక్కింది, రాతి మీది హక్కు మాత్రం వారికి దక్కలేదు. బొర్రా చుట్టుపక్కల సున్నపురాయి జాతి ఖనిజాలు, కాల్సైట్, అభ్రకం ఉన్నాయి. ప్రభుత్వం వీటికి గిరిజనేతరులకు, ప్రైవేటు సంస్థలకు కౌళ్లు ఇస్తూ వచ్చింది. సమత అనే స్వచ్ఛంద సంస్థ దీనిని న్యాయస్థానాల్లో సవాలు చేసింది. హైకోర్టులో సంస్థ ఓడిపోయింది. ప్రభుత్వం ఇచ్చే కౌలుకు నిబంధన వర్తించదన్నారు. సంస్థ సర్వోన్నత న్యాయస్థానానికి వెళ్లింది.

అక్కడ ముగ్గురు న్యాయమూర్తుల్లో ఇద్దరు, అంటే కె. రామస్వామి, ఎస్. సగీర్ అహ్మద్, ‘వ్యక్తి’ అన్న మాటలో ప్రభుత్వం చేరుతుందని నిర్ణయించారు. వారి తర్కం సూటిగా ఉంది. ఏజెన్సీ భూమి గిరిజనుల చేతిలోనే ఉండాలన్నది నిబంధన ఉద్దేశం. ఒక రైతు చేయకూడని బదిలీని సర్కారు చేయవచ్చునంటే, ఉన్న భూమిలో అత్యధిక భాగం సర్కారు పేరనే ఉన్నచోట, ఆ ఉద్దేశానికి అర్థమే మిగలదు. కౌలు కూడా బదిలీయే. కనుక షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమినీ అటవీ భూమినీ గనుల కోసం గిరిజనేతరులకు ఇవ్వడం చెల్లదు. మూడవ న్యాయమూర్తి జి.బి. పట్నాయక్ విభేదించారు. ఆ నిబంధనలోని ‘వ్యక్తి’ ప్రభుత్వం కాదన్నది ఆయన అభిప్రాయం. శాసనంలోని పదాలకు శాసనకర్త అనుకోని అర్థం ఎంత దూరం ఇవ్వవచ్చునన్న ప్రశ్న న్యాయశాస్త్రంలో పాతదే. విభేద తీర్పు తేలికగా తోసిపుచ్చదగినదేమీ కాదు. అయినా చరిత్ర తెలిసినవానికి మెజారిటీ తీర్పులో 1871 నాటి రెవెన్యూ బోర్డు గొంతు వినిపిస్తుంది. సర్కారు చేతిలో ఉన్నదంతా సర్కారు సొంతం కాదన్న మాటే ఇన్నేళ్ల తరువాత న్యాయపీఠం మీది నుంచి వచ్చింది.

సాహిత్యపాఠకులకు ఇక్కడ విభూతిభూషణుని ‘ఆరణ్యక’ గుర్తు రావచ్చు. సూరంపూడి సీతారామ్ ‘వనవాసి’గా తెలుగు చేసిన ఆ నవలలో కథకుడు జమీందారీ ఎస్టేటుకు మేనేజరు. అతడు అడవిని గాఢంగా ప్రేమిస్తాడు. అతని ఉద్యోగం ఆ అడవిని రైతులకు బందోబస్తు చేసి నరికించడం. రెండూ నిజాయితీగానే చేస్తాడు. రచయిత స్వయంగా భాగల్పూరు ప్రాంతంలో అటువంటి ఉద్యోగం చేసినవాడు. అడవి కౌలు కాగితంపై సంతకం పెట్టే చేతిని అంత లోపలి నుంచి చూపిన రచన మన భాషల్లో అరుదు.

సమత తీర్పును ప్రశంసించే వ్యాసాలు చాలా వచ్చాయి. దానిలోని సందు గురించి మాట్లాడినవి తక్కువ. ఖనిజాన్ని రాష్ట్ర ఖనిజాభివృద్ధి సంస్థగాని గిరిజన సహకార సంఘాలుగాని తవ్వుకోవచ్చునని అదే తీర్పు అనుమతించింది. నికర లాభంలో కనీసం 20 శాతాన్ని ఆ ప్రాంత ప్రజల అవసరాలకు శాశ్వత నిధిగా కేటాయించాలని నియమం పెట్టింది. అంటే ప్రభుత్వం ప్రైవేటువారికి ఇచ్చేటప్పుడు ‘వ్యక్తి’. తన సంస్థకే ఇచ్చుకునేటప్పుడు కాదు. ఈ సందు ఎంత వెడల్పయినదో తరువాతి సంవత్సరాలు చూపించాయి.

తీర్పును సవరించాలన్న ప్రభుత్వాల వినతిని న్యాయస్థానం 2000లో తోసిపుచ్చింది. అయిదవ షెడ్యూలునే సవరించాలన్న ఆలోచన అదే సంవత్సరం కేంద్ర గనుల మంత్రిత్వ శాఖలో నడిచింది; ముందుకు సాగలేదు. 2001 డిసెంబరులో ఛత్తీస్‌గఢ్‌కు చెందిన బాల్కో వ్యాజ్యంలో మరొక ధర్మాసనం సమత తీర్పుపై తన సందేహాలను దాచుకోలేదు. అక్కడి భూచట్టంలో ఆంధ్ర నిబంధన వంటి నిషేధం లేదని, కనుక తీర్పు అక్కడికి వర్తించదని చెప్పింది. ఒక రాష్ట్రపు నిబంధనలోని ఒక పదం మీద నిలిచిన రక్షణ ఆ రాష్ట్రపు సరిహద్దు దగ్గరే ఆగిపోవడం సహజం. ఖోండుల కొండలకు మాత్రం ఆ సరిహద్దు లేదు.

బాక్సైట్ విషయంలో సందు పని చేసింది. తూర్పు కనుమల్లో బాక్సైట్ ఎత్తైన కొండల నెత్తిన టోపీలా ఉంటుంది. వాన నీటిని పీల్చుకుని, వేసవిలో ఊటలుగా కిందికి వదిలేది ఆ పొరే అని కొండ కింద ఊళ్లవారు చెబుతారు. గోస్తని ఈ అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల మీదుగా దిగి, తాటిపూడి జలాశయంలో చేరుతుంది. విశాఖ నగరం ఆ నీళ్లు తాగుతుంది. 2005, 2007 సంవత్సరాల్లో ప్రైవేటు అల్యూమినా కర్మాగారాలకు ముడి ఖనిజం సరఫరా చేసేందుకు రాష్ట్ర ప్రభుత్వం ఒప్పందాలు చేసుకున్నది. కర్మాగారం మైదానంలో, ప్రైవేటు చేతిలో. గని కొండ మీద, ప్రభుత్వ సంస్థ పేరున. తీర్పులోని అక్షరానికి ఎక్కడా భంగం లేదు. 2015 నవంబరులో 97వ నంబరు ఉత్తర్వు ద్వారా చింతపల్లి ప్రాంతంలోని జెర్రెల కొండల్లో సుమారు 1,212 హెక్టార్ల అటవీ భూమిని ఖనిజాభివృద్ధి సంస్థకు కేటాయించారు. సీతారామరాజు తొలి దాడి చేసిన చింతపల్లే అది. మన్యమంతా కదిలింది. ఉత్తర్వును కొద్దిరోజుల్లోనే పక్కన పెట్టారు, 2019లో కొత్త ప్రభుత్వం వచ్చాక రద్దు చేశారు.

ఒడిశాలోని నియమగిరిలో కూడా అమరిక ఇదే. గని రాష్ట్ర ఖనిజ సంస్థది, కర్మాగారం లాంజిగఢ్‌లో ప్రైవేటువారిది. అక్కడ ‘వ్యక్తి’ వంటి పదం అందుబాటులో లేదు; 2006 నాటి అటవీ హక్కుల చట్టం ఉంది. 2013 ఏప్రిల్‌లో సర్వోన్నత న్యాయస్థానం నిర్ణయాన్ని గ్రామసభలకు అప్పగించగా, ఆ జూలై, ఆగస్టుల్లో 12 గ్రామసభలూ తవ్వకాన్ని తిరస్కరించాయి. 1882 సెటిల్‌మెంటు అధికారి మౌనాన్ని సమ్మతిగా రాసుకున్నాడు. ఇక్కడ ఒక జిల్లా న్యాయమూర్తి ఎదుట డొంగ్రియా కోందులు ఒక్కొక్కరుగా నోరు తెరిచి చెప్పారు. రెండు పద్ధతుల మధ్య తేడా ఏమిటో పాలనలో ఉన్నవారికి వివరించనవసరం లేదు.

నల్లమలలో పరిస్థితి వేరు. అక్కడ ఖనిజం యురేనియం. తవ్వదలచినది కేంద్ర ప్రభుత్వమే. అమ్రాబాదు పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్ల మేర అన్వేషణకు 2019 మే నెలలో కేంద్ర అటవీ సలహా సంఘం సూత్రప్రాయంగా అంగీకరించింది. చెంచు పెంటల నుంచి హైదరాబాదు కళాశాలల దాకా నిరసన వ్యాపించి, ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ ఏకగ్రీవ తీర్మానం చేసింది. అయితే నల్లమల ఉదాహరణ చెప్పేటప్పుడు ఒక అప్రియమైన సంగతిని దాటవేయరాదు. పులి పేరిట అడవిని కాపాడే శాఖ, యురేనియం వద్దన్న రోజున చెంచుల పక్షాన నిలిచినట్టు కనిపించినా, వారిని పెంటల నుంచి కిందికి దింపాలన్న ఒత్తిడీ అదే రక్షణ పేరిట వస్తున్నది. అడవిని గని నుంచి కాపాడడమూ, అడవిలోనివారిని అడవిలో ఉండనివ్వడమూ ఒకే పని అనుకోవడం తొందరపాటు. వనసంరక్షణ వాదులు కొందరు ఈ తేడాను చూడడానికి ఇష్టపడరు.

ప్రస్తుతం అనంతగిరి, చింతపల్లి మండలాలు 2022 ఏప్రిల్‌లో పాడేరు కేంద్రంగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్నాయి. జెర్రెల కేటాయింపు రద్దయినది మరొక ప్రభుత్వ ఉత్తర్వుతోనే. ఒక ఉత్తర్వు తీసివేసినదాన్ని ఇంకొక ఉత్తర్వు తిరిగి పెట్టవచ్చు. ప్రభుత్వ సంస్థకు మినహాయింపునిచ్చిన వాక్యాలు 1997 తీర్పులో అట్లాగే ఉన్నాయి.